పదకొండో బ్రేకరు

కువైట్‌లో నేను వైరింగ్ చేసిన చిన్న విమానానికి, చేసిన ప్రతి పనీ రాసిపెట్టే లాగ్ బుక్కు ఒకటి ఉంది. అందులో నా పేరు రెండు చోట్ల ఉంది. రెండు చోట్లా తప్పు పక్కనే ఉంది. మొదటి తప్పు నాదే; రాయమని పట్టుబట్టినవాణ్ణి కూడా నేనే. రెండోది నాది కాదు. నేను ఆ దేశంలో లేని నెలలో జరిగినదాన్ని నా పేరున రాశారు.

కరోనా వెళ్ళాక వచ్చిన రెండో చలికాలంలో నాకు ఆ పని అప్పజెప్పారు. అప్పటికి సబ్హాన్‌లో ఒక గ్యారేజీలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు చేసి ఉన్నాను. ఇఖామాలో, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డులో, నా హోదా మామూలు ఎలక్ట్రీషియనే గానీ, గ్యారేజీలో నా చేతి కింద నలుగురు ఉండేవారు. చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు మొత్తం కార్ల వైరింగ్ పుస్తకాల్లోంచి, ఒక పాత నిఘంటువులోంచి నేర్చుకున్నది. కాబట్టి "దయచేసి" అనే మాటకన్నా "షార్ట్ సర్క్యూట్" అనే మాట నాకు ముందు వచ్చింది.

మా కఫీల్‌కు, అంటే నా వీసాకు పూచీ ఉన్న గ్యారేజీ యజమానికి, ఒక బంధువు ఉన్నాడు, అందరూ బూ ఫహద్ అనేవారు. అహ్మదిలో చమురు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని విడిభాగాలుగా తెప్పించి, మా గ్యారేజీకి రెండు వీధుల అవతల ఒక షెడ్డులో సొంతంగా బిగించుకుంటున్నాడు. ఇలాంటివాటిని కిట్ విమానాలంటారు. చెక్కపెట్టెల్లో రేకులు, గొట్టాలు, వేల కొద్దీ రివిట్లు వస్తాయి, కొన్నవాడే కట్టుకోవాలి. రేకు పని, రెక్కల పని ఆయన నాలుగేళ్ళు కూర్చుని చేసుకున్నాడు. కరెంటు పని దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశాడు.

ఒకరోజు గ్యారేజీకి వచ్చి, నేను పనిచేస్తున్న కారు బానెట్ మీద విమానం వైరింగ్ పటం పరిచాడు. చదవగలవా అని హిందీలో అడిగాడు. చదువుతాను, అర్థం కానిది అడుగుతాను అన్నాను. అడిగేవాడే కావాలన్నాడు. మా కఫీల్ ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే నేనుండే మహబూలాలో బస్సెక్కి సబ్హాన్‌లో దిగేవాణ్ణి.

విమానం వైరింగు గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. కారులో తీగ తెగితే బండి పక్కకు ఆపుతాం. విమానాన్ని ఆపడానికి పైన పక్క అనేది లేదు. అందుకని అక్కడ తీగను తీగకు సోల్డర్ పెట్టి అతికించరు. ఇంజను అదురుకు సోల్డర్ అంచున తీగ విరుగుతుంది. చివర ఒక లోహపు ముక్క తొడిగి, దానికోసమే చేసిన పట్టకారుతో నొక్కుతారు. నొక్కాక లాగి చూస్తారు. ప్రతి తీగకూ రెండు చివర్లా నంబరు ఉంటుంది. కట్టలు కట్టడానికి ప్లాస్టిక్ పట్టీలు వాడవచ్చు గానీ, మైనం పూసిన దారంతో జానెడుకొక ముడి వేసి కట్టడం మేలైన పద్ధతి. దాని అంచులు తీగల తొడుగును కోయవు. నేను దారమే వాడాను. ఇరవై ఎనిమిదేళ్ళు కార్ల కింద వెల్లకిలా పడుకుని చేసిన పనికి, ఆ ముడులు వేసిన పనికి పోలికే లేదు. నా పనిని నేనే మళ్ళీ మళ్ళీ చూసుకోవాలనిపించడం నాకు అక్కడే మొదలయింది.

బిగించిన ప్రతి మర మీదా, అది కూర్చున్న రేకు మీదా కలిపి ఒక రంగు గీత గీస్తారు. మర కదిలినా, ఎవరైనా విప్పినా ఆ గీత తెగుతుంది. తెగిందంటే మళ్ళీ చూడాలని అర్థం. దానికి వేరే రంగు ట్యూబు వస్తుంది. నాకు దొరకలేదు. బకాలాలో, మా వీధి కిరాణా కొట్లో, ఆడవాళ్ళ గోళ్ళరంగు, ఎర్రది, రెండు సీసాలు కొన్నాను. మా గదిలో రాయచోటి నరసింహులు ఉండేవాడు, ఒక ఇంట్లో డ్రైవరు. నా సంచిలో ఆ సీసాలు చూశాడు.

"ఏం సుబ్బన్నా! వదిన చూస్తే రాజంపేటలో ఉండాది, గోళ్ళరంగు చూస్తే మహబూలాలో ఉండాది. శుక్రవారం శుక్రవారం యాడికి పోతాండావో ఇప్పుడు తెలిసె."

"నోరు మూయ్‌రా. మరలకు పూసేదానికి."

"మరలకు గోళ్ళుంటాయా అన్నా?"

గదిలో ఆరుగురు పడీ పడీ నవ్వారు. ఆ ఏడాదంతా నన్ను "గోళ్ళరంగు మామ" అని పిలిచారు.

ఇక ప్రసాద్ గురించి. అమలాపురం వైపు మనిషి. నాకన్నా పాతికేళ్ళు చిన్న. ఇండియాలో విమానాల మెయింటెనెన్స్‌లో లైసెన్సు తెచ్చుకుని, కువైట్‌లో అహ్మది కంపెనీ కాంట్రాక్టరు దగ్గర పరికరాల ఇంజనీరుగా చేసేవాడు. బూ ఫహద్‌కు తెలిసినవాడు. నెలకొకసారి వచ్చి నా పని చూసి సంతకం పెట్టడం అతని బాధ్యత. విమానం ఎగరడానికి కావలసిన అనుమతి కాగితాల మీద అర్హత ఉన్నవాడి సంతకం ఉండాలి. నా సంతకం చెల్లదు. నేను దాన్ని తప్పుపట్టను. ప్రసాద్ మంచిగా మాట్లాడేవాడు. నన్ను బాబాయ్ గారూ అనేవాడు. ఎప్పుడూ చొక్కా చేతులు మడిచేవాడు కాదు.

మొదటి తప్పు సంగతి. ఇంజను మొదటిసారి నడిపిన రోజు హెడ్‌సెట్ పెట్టుకుంటే చెవిలో కుయ్ మని ఒక కూత. ఇంజను వేగం పెంచితే కూత పెరుగుతోంది. మూడు శుక్రవారాలు వెతికాను. చివరికి దొరికింది. హెడ్‌సెట్ పుల్ల దూర్చే జాక్‌ను రేకుకు బిగించేటప్పుడు మధ్యలో చిన్న ప్లాస్టిక్ వాషర్లు వేయాలి, జాక్ రేకును తాకకూడదు. పెట్టెలో ఆ వాషర్లు ఉన్నాయి. రంగు గీసుకుపోకుండా పెట్టిన ప్యాకింగు అనుకుని పక్కన పడేశాను. కారులో బాడీ అంతా ఎర్తే కదా. ఏ ఎర్తయినా ఎక్కడైనా బిగించవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు నన్ను మోసం చేసింది. విమానంలో మాట వెళ్ళే తీగకు ఎర్త్ విడిగా, ఒకే చోటికి చేరాలి. వాషర్లు వేశాను. కూత పోయింది.

బూ ఫహద్‌ను లాగ్ బుక్కు తెమ్మన్నాను. జాక్‌లు రేకుకు ఎర్త్ అయ్యాయి, చేసినవాడు సుబ్బయ్య, సరిచేసినవాడు సుబ్బయ్య అని రాయమన్నాను. ఆ రోజు ప్రసాద్ అక్కడే ఉన్నాడు.

"అలాంటివి పుస్తకంలో ఎందుకండీ బాబాయ్ గారూ? దిద్దేసుకున్నారు కదా, ఇంకెవరడుగుతారండి? రాస్తే అలా ఉండిపోద్దండి."

"ఉండనీ నాయనా. రేపు ఇంగొకడు దీన్ని విప్పితే వానికి పనికొస్తాది."

లాగ్ బుక్కుకు ఒక నియమం ఉంది. రాసింది కొట్టేయకూడదు, పేజీ చింపకూడదు. తప్పు రాసినా కింద ఇంకో వాక్యం రాసి సరిచేయాలి తప్ప చెరపకూడదు. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. మనుషులు దాన్ని ఎలా వాడుకుంటారో అప్పటికి తెలియదు.

బూ ఫహద్ ఆ వాక్యం రాసి, నా వైపు చూసి, ఆయన ఎన్నడూ అనని మాట అన్నాడు. మొదటి కొన్ని గంటలు ఒక్కడే ఎగరాలి, అది నియమం. అవి పూర్తయ్యాక పక్క సీట్లో మొదట కూర్చునేది నువ్వే, ఉస్తాద్ అన్నాడు. ఇంజనీరుగా బతికినవాడు గ్యారేజీవాణ్ణి ఉస్తాద్ అనడం చిన్న విషయం కాదు.

నేను అప్పటికి పదిసార్లు పైనే విమానం ఎక్కి ఉంటాను, అన్నీ సెలవుకు వెళ్ళి రావడానికే. కిటికీ పక్క సీటు వచ్చినా బయటకు చూసేవాణ్ణి కాదు. తలుపు దగ్గర, దీపాల దగ్గర తీగలు ఎటు పోయాయోనని చూసేవాణ్ణి. ఈ విమానంలో ఎటు పోయాయో నాకు తెలుసు. పని అయిపోయాక కాళ్ళ దగ్గరి కట్టలు చూసే వంకతో కుడి పక్క సీట్లో కూర్చునేవాణ్ణి. ఎదురుగా షెడ్డు గోడ, దాని మీద పాత క్యాలెండరు. కరెంటు ఇచ్చి తెరలు వెలిగించి, హెడ్‌సెట్ పెట్టుకుని, చెవిలో ఏ శబ్దమూ లేకపోవడం వింటూ ఉండేవాణ్ణి. ఆ గోడ కిందికి దిగిపోయే రోజు కోసం ఎదురు చూశాను. ఈ వయసులో అలాంటి ఆశ పెట్టుకున్నానని అప్పుడు ఎవరికీ చెప్పలేదు, నరసింహులుకు అసలే చెప్పలేదు.

జూన్ మొదట్లో నాకు రెండు నెలల సెలవు వచ్చింది. వెళ్ళేముందు తెరలు, స్విచ్చులు, బ్రేకర్లు ఉండే ముందు ప్యానెల్ మొత్తం విప్పి ప్రతి మర మీదా గీత చూసుకుని, తాళం బూ ఫహద్‌కు ఇచ్చి వచ్చాను.

నేను రాజంపేటలో ఉండగా జరిగింది ఇది. జూన్ ఎండకు షెడ్డులో ప్యానెల్ వేడెక్కి తెరలు నల్లబడ్డాయి. ప్రసాద్ వచ్చి ప్యానెల్ వెనక కార్లలో పెట్టే ఫ్యాను ఒకటి బిగించాడు. దానికి కరెంటు పదకొండో బ్రేకరు నుంచి తీసుకున్నాడు. పదకొండోది ప్యానెల్ దీపాలది. పగలు దీపాలు వేయరు కదా, ఖాళీగా ఉందనుకున్నాడు. తర్వాత ఒకరోజు బూ ఫహద్ విమానాన్ని నేల మీదే నడుపుతూ ఉండగా ప్యానెల్ వెనక నుంచి పొగ వచ్చింది. మాస్టర్ స్విచ్ కట్టేసి దిగాడు. మనిషికి ఏమీ కాలేదు. దీపాల తీగ జానెడు పొడవున నల్లగా కాలింది.

ఆగస్టులో తిరిగొచ్చి మొదటి శుక్రవారం షెడ్డుకు వెళ్తే పుస్తకంలో ఉంది: "ప్యానెల్‌లో పొగ. కారణం, ఎలక్ట్రీషియన్ సుబ్బయ్య వేసిన తీగ చాలినంత లావు లేకపోవడం." ప్రసాద్ చెప్పగా బూ ఫహద్ రాశాడు. దానికి రెండు పేజీల ముందే నా పాత తప్పు నా మాటతో ఉంది. రెండూ కలిపి చదివినవాడికి నేను ఎలాంటి పనివాణ్ణో తేలిపోతుంది.

బ్రేకరు గురించి గ్యారేజీల్లో కూడా చాలామందికి తెలియని మాట ఒకటి చెబుతాను. బ్రేకరు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. తీగ ఎంత కరెంటు మోయగలదో లెక్కవేసి అంతకు లోపు బ్రేకరు పెడతారు. ఎక్కువ పోతే బ్రేకరు తన్ని బయటికి వస్తుంది, తీగ బతుకుతుంది. దీపాల తీగ సన్నది, నేను ఐదు ఆంపియర్ల బ్రేకరు పెట్టాను. ఐదుది ఉంటే ఆ తీగ అలా కాలదు. ఫ్యాన్‌లో చూస్తే ఇసుక నిండి రెక్క బిగుసుకుని ఉంది. బిగుసుకున్న ఫ్యాను కరెంటు దండిగా లాగుతుంది. అయినా బ్రేకరు తన్నలేదంటే ఆ రోజు అక్కడ ఉన్నది నేను పెట్టింది కాదు. టార్చి వేసి చూశాను. ఇప్పుడు మళ్ళీ ఐదుదే ఉంది, కానీ పదకొండోదాని రెండు మరల మీదా నా ఎర్ర గీత తెగి ఉంది. మిగతా అన్నింటి మీదా గీతలు నేను గీసినట్టే ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిపించాను.

"ప్రసాదూ, నేను ఊర్లో ఉండంగా కాలిన తీగకు నా పేరు ఎట్ల రాయిస్తివి?"

"తీగ వేసింది మీరే కదండీ. సన్నం తీగ వేశారు, కాలింది. ఇందులో నేను కల్పించిందేం లేదండి."

"తీగ సన్నందే. దానికి తగిన కాపలా పెట్టినా నేను, ఐదు ఆంపియర్లు. ఆ కాపలావాణ్ణి యాడికి పంపిస్తివి?"

"ఐదే ఉందండి, కావాలంటే చూసుకోండి."

"ఇప్పుడుండాది. పొగొచ్చిననాడు ఏముండె?"

అతను విసుగ్గా అన్నాడు: "మాటిమాటికీ తన్నేస్తుంటే ఏం చేయమంటారండి మరి? పదిహేనుది పెట్టాను. ఆయన ఎండలో కూర్చుని అరుస్తున్నాడండి అక్కడ."

ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది తెలుగులో. పక్కన నిలబడిన బూ ఫహద్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. ప్రసాద్ నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. బాబాయ్ గారికి కోపం వచ్చి మాటలు మారుస్తున్నారు అని దాని సారం. అతని ఇంగ్లీషు నా హిందీకన్నా బాగుంటుంది.

అప్పుడు బూ ఫహద్‌ను ప్యానెల్ కిందికి రమ్మని టార్చి చేతికిచ్చి ఆ రెండు మరలు చూపించాను. గీతల సంగతి ఆయనకు తెలుసు, నేనే నేర్పాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వంగి చాలాసేపే చూశాడు. లేచి టార్చి ఆర్పి, ఇక అయిపోయింది అన్నట్టు "ఖలాస్, ఉస్తాద్" అన్నాడు. అంతే. పుస్తకం తెరవలేదు.

కాలిన తీగ నేనే తీసి కొత్తది వేశాను. దారం ముడులు మళ్ళీ వేశాను. ఫ్యానుకు వేరే తీగ, వేరే బ్రేకరు పెట్టాను. మరలకు కొత్త గీతలు గీశాను గానీ, పదకొండో బ్రేకరు మరలకు మాత్రం గీయలేదు. తెగిన గీతను తెగినట్టే ఉంచాను. పద్ధతి ప్రకారం అది తప్పు. బిగువు చూసుకుని రంగు పూయాలి. బిగువు చూశాను, రంగు పూయలేదు. ఆ విమానంలో నేను తెలిసి చేసిన తప్పు అదొక్కటే.

ఆ తర్వాతి నెలలో విమానాన్ని లారీ మీద ఎడారి అంచున ఉన్న చిన్న రన్‌వేకు తీసుకెళ్ళారు. నన్ను పిలవలేదు. చలికాలంలో ఎగిరిందని ప్రసాద్ ఫోనులో పెట్టిన ఫొటో చూసి తెలుసుకున్నాను. సబ్హాన్ మీదుగా పెద్ద విమానాలు రోజంతా దిగుతూనే ఉంటాయి. వాటి మోత కింద చిన్న ఇంజను చప్పుడు వినపడితే గ్యారేజీలోంచి బయటికి వచ్చి చూసేవాణ్ణి. ఒక్కసారి కూడా అది కాదు. పక్క సీట్లోకి పిలుపు వస్తుందని శుక్రవారాలు గది వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. నరసింహులు కూడా ఎగతాళి మానేశాడు. ఒకరోజు, "అన్నా, రాండి, సముద్రం కాడికన్నా పోదాం" అని తానే లేవదీశాడు.

అరవై నిండాక డిగ్రీ లేనివాళ్ళకు ఇఖామా కొనసాగడం కష్టమైన రోజులవి. నాకు కొనసాగలేదు. ఊరికి వచ్చేశాను.

ఇక్కడికి వచ్చాక బూ ఫహద్‌కు మూడు ఉత్తరాలు రాశాను, ఇంగ్లీషులో, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఫొటో తీసి ఫోనులో పంపాను. మొదటి రెండింటికీ జవాబు లేదు. చదివాడని మాత్రం ఫోను చూపించింది. మూడోదానిలో బొమ్మ గీశాను: ప్యానెల్ వెనక వరస, పదకొండో బ్రేకరు, రెండు మరలు, గీత ఎటు తెగిందో. పని అడగలేదు. పక్క సీటు కూడా అడగలేదు. అడగాలని ఉండింది, ఇప్పటికీ ఉంది. పుస్తకంలో కింద ఒక్క వాక్యం రాయమని మాత్రం అడిగాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు, కొత్తగా దిగేవాళ్ళకు నేను దీనివల్ల నేర్చుకున్నది చెబుతాను. కాలిన తీగను చూసినప్పుడు తీగ లావు అడిగే ముందు బ్రేకరు ఎంతదో, అది ఎవరు పెట్టారో అడగండి. తన తప్పు తానే రాయించినవాడి పేరు పుస్తకంలో కనిపిస్తే, తర్వాతి తప్పును వెతక్కుండా అతని పేరున వేయకండి. నా మటుకు నేను, మళ్ళీ ఆ జాక్‌ల పేజీ వస్తే మళ్ళీ నా పేరు రాయమనే చెబుతాను.

మూడో ఉత్తరం పంపిన ఐదు వారాలకు జవాబు వచ్చింది. ఆయన హిందీ, ఇంగ్లీషు కలిపి రాశాడు. తెలుగులో ఇలా ఉంటుంది:

"ఉస్తాద్, సలాం. మూడూ చదివాను. ఇవాళ ఆ పేజీ కింద, బ్రేకరు మార్చింది సుబ్బయ్య కాదు, తీగ సరైనదే అని రాసి సంతకం పెట్టాను. ఫొటో చూడు. గీత తెగి ఉండటం నువ్వు టార్చి ఇచ్చిన రోజే చూశాను. ప్రసాద్ పేరు రాస్తే కాగితాల మీద సంతకం పెట్టేవాడు ఉండడు, విమానం లేవదు. నీ పేరు ఉంటే ఏదీ ఆగదు. అందుకే ఉంచేశాను. నిన్ను పక్క సీట్లోకి పిలవకపోయింది కూడా అందుకే. పైకి వెళ్ళాక ఇద్దరమే ఉంటాం. నువ్వు అడిగేవాడివి."